ఎడమ చేతి రైలు

నేను ఒక పియానోని. పెద్ద మేడల్లో నడిగదంతా ఆక్రమించుకునే రకం కాదు, గోడకు వీపు ఆనించి నిలబడే రకం. లండన్‌లో పుట్టాను. వేడి దేశానికి పోయేదాన్నని తెలిసి, నన్ను చేసినవాళ్లు జిగురును నమ్మకుండా అతుకు అతుకుకీ ఇత్తడి మరలు బిగించారు. చెదలకూ తేమకూ ఎండకూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. మనుషుల విషయంలో మాత్రం ఏ ఏర్పాటూ చేయలేదు.

నెల్లూరుకీ ఒంగోలుకీ మధ్య ఒక రైల్వే కాలనీలో, దొరల క్లబ్బులో నన్ను దింపారు. శనివారం వస్తే అక్కడ డాన్సు. దొరలూ, ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ, వాళ్ల ఆడవాళ్లూ వచ్చేవారు. తెలుగువాళ్లకూ ప్రవేశం ఉండేది, చేతిలో దుమ్ము గుడ్డ ఉంటే. తుడిచేటప్పుడు పొరపాటున ఒక మీట పలికితే హాలంతా తిరిగి చూసేది. ఏళ్ల తరబడి నా నెత్తిన గ్లాసులు పెట్టి, నా చేత ఒకే రకం పాటలు పాడించాక, కొత్త పియానో తెచ్చుకొని నన్ను పక్కనున్న మిషన్ బడికి ఇచ్చేశారు. పాత సామాను పారేస్తే దండగ, బడికిస్తే దానం.

ఆ బడిలో సంగీతం చెప్పే టీచరు పేరు సలోమీ. నెల్లూరు ట్రైనింగు స్కూల్లో ఇంగ్లీషూ పియానో నేర్చుకున్న మనిషి. ఆమె భర్త యోనా రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. పెళ్లయిన రెండో వానాకాలంలో ఇంజను పట్టాలు తప్పి చనిపోయాడు. అప్పటినుంచి సలోమీ, అత్త కరుణమ్మ బడి ఆవరణలోనే, నా గది కిటికీకి ఎదురుగా ఉన్న చిన్న ఇంట్లో ఉండేవారు. ఇద్దరిదీ ఒకటే దుఃఖం. దాని గురించి ఏనాడూ ఒక్క మాట అనుకోగా నేను వినలేదు. కూరలో ఉప్పు గురించి మాట్లాడుకునేవారు. ఉప్పు గురించి అన్ని మాటలుంటాయని నాకు అంతకుముందు తెలియదు.

బడి ప్రహరీ అవతలే రైలు కట్ట. బండి వస్తోందంటే సలోమీ మీటల మీదనుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకునేది. చప్పుడు పూర్తిగా పోయేదాకా అలాగే కూర్చునేది. పిల్లలు కూడా కీర్తన ఎక్కడుంటే అక్కడ, తెరిచిన నోటితో ఆగిపోయేవారు. గూడ్సు బండి ఎంత పొడుగైతే కీర్తన అంత పొడుగు. పాస్టరు ఆశీర్వాదంగారు దాన్ని భక్తి అనుకున్నారు.

యుద్ధం రోజుల్లో ఒక వానాకాలం, అమెరికా సైనికుల బండి ఒకటి మా స్టేషనులో నిలిచిపోయింది. ముందెక్కడో వాగు పొంగి కట్ట కోసుకుపోయిందట. సైనికులంతా నల్లవాళ్లు. అస్సాం వైపు రోడ్డు వేయడానికి పోతున్నారు. క్లబ్బులో వాళ్లకు కుర్చీలు లేవన్నారు. పాస్టరుగారు బడి తలుపులు తీయించి అన్నం, చేపల పులుసు పెట్టించారు. ఒకటే సైన్యం, ఒకటే యుద్ధం, కుర్చీల దగ్గరే తేడా. నాకు అలవాటైన సంగతే.

వాళ్లలో ఎజ్రా అనే పొడుగాటి మనిషి చెయ్యి కడుక్కొని వచ్చి, సలోమీని అనుమతి అడిగి నా ముందు కూర్చున్నాడు. మొదట ఒక కీర్తన వాయించాడు. పాస్టరుగారు కళ్లు మూసుకొని తల ఊపారు. కీర్తన అయింది. ఎజ్రా కుడి చెయ్యి తీసేశాడు. ఎడమ చెయ్యి ఒక్కటే కింది మీటల మీద బయలుదేరింది. ఎక్కుతూ, దిగుతూ, మళ్లీ మళ్లీ అదే దారిన, ఆగకుండా. కుడి చెయ్యి తనకు తోచినప్పుడు వచ్చేది, ఒక కూత పెట్టి ఎటో పోయేది. అంతవరకూ నా ఎడమ సగం కుడి సగానికి పనిమనిషి. ఆ రోజు ఇల్లు తనదే అన్నట్టు నడిచింది.

అప్పుడే కట్ట మీద ఇంజను ఒకటి కదిలింది. అలవాటు ప్రకారం సలోమీ తల వంచుకుంది. ఎజ్రా ఆపలేదు. ఒక్క క్షణం చెవి ఒగ్గి, తన వేగం దాని వేగంతో కలిపాడు. గదిలో ఒక రైలు, బయట ఒక రైలు. సలోమీ లేచి వచ్చి నా మూత దబ్బున మూసేసింది. ఎజ్రా వేళ్లు దక్కాయంటే అది అతని చురుకే.

"నా భర్తను తీసుకుపోయిన చప్పుడు అది," అంది ఇంగ్లీషులో.

ఎజ్రా క్షమాపణ అడగలేదు, ఓదార్చనూ లేదు. "మా నాన్ననూ రైలే తీసుకుపోయింది, మేడమ్. చావలేదు. ఎక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. రెంటిలో ఏది నయమో మా అమ్మకు ఇప్పటికీ తేలలేదు," అన్నాడు.

సలోమీ మూత మీదనుంచి చెయ్యి తీసింది.

ఎజ్రా తండ్రి టెక్సాసు అడవుల్లో చెట్లు కొట్టే కూలీల దగ్గర పియానో వాయించేవాడట. అడవి తరిగేకొద్దీ పట్టాలు ముందుకు జరిగేవి, పట్టాల వెంట కూలీల గుడిసెలూ, సారా కొట్టూ, అందులో పియానో. పియానో ఎప్పుడూ శ్రుతిలో ఉండేది కాదు, సగం మీటలు పలికేవి కావు. పగలంతా విన్నది రైలు చప్పుడే కనుక వాయించేవాళ్ల ఎడమ చేతికి అదే వచ్చింది. ఆ తర్వాత జనం పనుల కోసం రైలెక్కి చికాగో లాంటి ఊళ్లకు పోయారు. ఎడమ చెయ్యి కూడా వాళ్లతో పోయింది. అక్కడ దానికి బూగీ వూగీ అని పేరు పెట్టారు. దాని తల్లి పేరు బ్లూస్, నల్లవాళ్ల దిగులు పాట.

"ఏమంటాడమ్మా?" అన్నారు పాస్టరుగారు.

"అడివిలో, సారా కొట్లో కూలోళ్ల పాటంటయ్యా. మనసు బాగలేనప్పుడు పాడుకుంటారంట."

"మనసు బాగలేకపోతే ప్రార్థన చేసుకోవాలని చెప్పు."

సలోమీ చెప్పింది. ఎజ్రా గౌరవంగా విని జవాబిచ్చాడు. ఆమె దాన్ని తెలుగులోకి తిప్పింది. "ప్రార్థన అయినాక కూడా బాగలేకపోతే ఇదంటయ్యా."

పాస్టరుగారికి భోజనాల దగ్గర ఏదో పని గుర్తొచ్చింది.

కట్ట బాగయ్యేదాకా ఎజ్రా రోజూ వచ్చాడు. సలోమీ ఎడమ చేతికి ఆ నడక నేర్పాడు. మొదట్లో ఆమె చెయ్యి ప్రతి మలుపు దగ్గరా భయపడి ఆగేది. "ఆగకండి," అనేవాడు. "తప్పు మీటైనా ఫరవాలేదు. బండిని మాత్రం ఆపకండి." తర్వాత వాళ్ల బండి కదిలి వెళ్లిపోయింది. అతను ఏమయ్యాడో మాకు తెలియలేదు.

బడి వదిలాక సాయంత్రాలు సలోమీ సాధన చేసేది. బండి వస్తే మాత్రం ఇంకా చేతులు ఒళ్లోకి పోయేవి. కానీ ఈలోగా ఆ నడక కీర్తనల్లోకీ జొరబడింది, పిల్లలు కాళ్లు ఆడించడం మొదలుపెట్టారు. సంగతి సంఘ పెద్దల దాకా పోయింది. ఒక మధ్యాహ్నం వాళ్లంతా నా గదిలోనే కూర్చున్నారు. నన్ను సాక్ష్యం అడగలేదు.

"అది సారా కొట్లో పాట అని నువ్వే చెప్పినావు కదమ్మా," అన్నారు పాస్టరుగారు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే మరీ కష్టంగా ఉంది. "దాన్ని మానుకో. లేదంటే బడి మానుకోవాల. ఇంకో దారి నాకు కనపడ్డంలా."

బడి పోతే ఇల్లు పోతుంది. సలోమీ నేల చూస్తూ నిలబడింది. మానుకుంటానని చెప్పబోతోందని నేను అనుకున్నాను. గుమ్మం దగ్గర కూర్చున్న కరుణమ్మ మోకాలి మీద చెయ్యి పెట్టుకొని లేచింది.

"అయ్యా, నా బిడ్డ ఇంజను మీదుంటే యాడ ఉండాడో నాకు వంటింట్లోనుంచే తెలిసేది. కట్ట ఎక్కేటప్పుడు ఒక చప్పుడు, దిగేటప్పుడు ఒక చప్పుడు. వాడు పొయ్యినాక ఈ పిల్ల బండొస్తే చేతులు ముడుచుకునేది. నేను కొంగు చెవులకి అడ్డం పెట్టుకునేదాన్ని. ఇంట్లో ఇద్దరం ఉండి కూడా వాడి పేరు ఎత్తలా." ఆమె నా వైపు చెయ్యి చూపింది. "ఇప్పుడు సందేళకి ఇది వాయిస్తుంటే, వాడు డ్యూటీ దిగి వస్తుండట్టు ఉంటాది. మీరు దాన్ని సైతాను పాట అంటే అనుకోండి. నాకు ఇంకో తీరుగా వినబళ్లా."

కోడలి వైపు తిరిగింది. "వాయించవే."

"అత్తా, నీకు ఇష్టం లేదనుకున్నా," అంది సలోమీ.

"నువ్వు అడగలా, నేను చెప్పలా. కూర్చో."

సలోమీ కూర్చుంది. ఎడమ చెయ్యి బయలుదేరింది. సగంలో మద్రాసు వైపు పోయే బండి కూత వేసింది. ఆమె వేళ్లు గట్టిపడటం నాకు తెలిసింది. మీటల మీద చెమట తడి తగిలింది. ఒక తప్పు మీట పడింది, ఇంకొకటి పడింది. చెయ్యి మాత్రం ఒళ్లోకి పోలేదు. కిటికీ ఊచలు అదురుతుండగా బండి వచ్చింది, మా పక్కనే నడిచింది, వెళ్లిపోయింది. మేము ఇంకా వాయిస్తూనే ఉన్నాం. కరుణమ్మ ఏడుస్తోంది. "యోనా," అంది. మా గదిలో ఆ పేరు వినడం నాకు అదే మొదలు.

పెద్దలు గొంతులు సవరించుకున్నారు. పాస్టరుగారి కుడి కాలి చెప్పు ఇంకా కొంచెం ఆడుతూ ఉంది. నేను ఎత్తు తక్కువ దాన్ని కాబట్టి చూశాను. చివరికి ఆదివారం తప్ప మిగతా రోజుల్లో అభ్యంతరం లేదని తీర్మానించారు. వారంలో మిగతా రోజుల మీద దేవుడికి అంత పట్టింపు ఉండదని వాళ్లకు ఎలా తెలిసిందో నాకు తెలియదు.

ఆ తర్వాత అత్తాకోడళ్లు యోనా గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వాడికి వంకాయ పడదని, ఈత రాకపోయినా వాగులో దిగేవాడని, పెళ్లిలో కొత్త చెప్పులు పోగొట్టుకున్నాడని. ఒకోసారి పోట్లాడుకునేవారు కూడా. ఉప్పు సంగతి మరుగున పడింది.

దొరలు వెళ్లిపోయారు. సిలోను రేడియోలో కుర్రకారు ఎగిరే ఇంగ్లీషు పాటలు రాసాగాయి. ఒకసారి సలోమీ విని నవ్వింది. "అత్తా, ఇది ఎజ్రా ఎడమ చెయ్యే. చొక్కా మార్చుకొని వచ్చుండాది." అప్పటికి కరుణమ్మకు వినికిడి తగ్గింది. పూర్తిగా పోయాక కూడా రోజూ వచ్చేది. స్టూలు లాక్కొని, నా పక్క చెక్కకు అరచెయ్యి ఆనించి కూర్చునేది. సలోమీ మొదలుపెడితే ముసలామె మొహం వెలిగేది. "ఇప్పుడు కట్ట ఎక్కుతుండాడు," అనేది, చెవిటివాళ్లు మాట్లాడినట్టు గట్టిగా. సరిగ్గా అప్పుడే ఎక్కేవాళ్లం.

ఇద్దరూ వెళ్లిపోయి చాలా కాలమైంది. నేను బడి సామాన్ల గదిలో, విరిగిన బెంచీల మధ్య ఉన్నాను. ఆ మధ్య హెడ్మిస్ట్రెస్ నన్ను బాగుచేయించవచ్చునేమోనని మద్రాసు నుంచి ఒకాయనను పిలిపించింది. ఆయన నా మూత తీసి టార్చిలైటు వేసి చాలాసేపు చూశాడు.

"కుడి పక్క బాగానే ఉందమ్మా," అన్నాడు. "ఎడమ పక్క తీగల్ని కొట్టే సుత్తులే పూర్తిగా అరిగిపోయాయి. ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. పాపం, ఎవరో సరిగా నేర్చుకోకుండా వాయించినట్టున్నారు."

హెడ్మిస్ట్రెస్ అవునన్నట్టు తల ఊపింది. ఆయన పెద్ద చదువు చదివినవాడు, దూరం నుంచి వచ్చాడు. నేను కాదనలేదు.