నా కొలతల గది

"నీ మెషిన్ మెట్ల కిందికి జరుపు. ఈ గదిలో సౌనా పెట్టిస్తున్నా," అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కాకే కాలర్ తిరగేసి కుడుతున్నాను.

ఈ గది నాకు ఊరికే రాలేదు. పదేళ్ళు వంటింటి గట్టు పక్కన కూర్చుని, గుడ్డల మీద నూనె చుక్కలు పడకుండా ఒళ్ళు అడ్డం పెట్టి కుట్టాను. చివరికి పాత సామాన్ల గదిని నేనే ఖాళీ చేసి, నేనే సున్నం వేసుకున్నాను. కిటికీ వెలుగులో కళ్ళజోడు లేకుండా సూదిలోకి దారం ఎక్కుతుంది. ఇంట్లో నాదనేది ఇదొక్కటే.

సౌనా అంటే చెక్క గది. లోపల పొయ్యి మీద రాళ్ళు కాగుతాయి, వాటి మీద నీళ్ళు చల్లితే ఆవిరి కమ్ముతుంది, మనిషి హాయిగా ఒళ్ళు సడలించుకుంటాడు. ఆయన పై అధికారి ఇంట్లో ఉందట. ఇక ఈయన ఆగుతారా? "నలుగురు పట్టేది కావాలి. ఆదివారాలు మావాళ్ళొస్తారు. నువ్వు ముందే వేడి పెట్టేసి, తర్వాత బల్లలు తుడిచెయ్, అంతే పని." అంతే పని! తువ్వాళ్ళు వాటంతటవే ఉతుక్కుంటాయి కాబోలు. నా భుజం నొప్పికి నేనూ కాసేపు కూర్చుంటానంటే, మగవాళ్ళ మధ్య నీకేం పని అన్నారు. "వాళ్ళు లేచాక కూడా కాస్త వేడుంటుందిగా అమ్మాయ్, తుడుస్తూ అక్కడే నిలబడు," అని అత్తయ్య దారి చూపించింది. పుండు మీద కారం చల్లినట్టయింది. ఎంగిలి వేడి కూడా నాకు దయచేశారన్నమాట.

సౌనా ఎంచి చేయించే చాకిరీ మాత్రం నాకే వదిలేశారు. "నువ్వే చూసుకో, నన్ను విసిగించకు." సరే, విసిగించలేదు. ఏ చెక్క వేడికి జిగురు కారదో, మేకు తలలు ఒంటికి తగిలి కాలకుండా ఎలా దాచాలో, గాలి కన్నం ఎక్కడుండాలో మూడు వారాలు కూర్చుని నేర్చుకున్నాను. వడ్రంగి టేపు పట్టుకొచ్చి, "కూర్చునే మనిషి ఎత్తెంతమ్మా?" అన్నాడు. ఇంతమంది కొలతలు తీశాను, నా కొలత ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎంతమందికమ్మా?"

"ఒక్కరికే."

వడ్రంగి కొలతలతో గీసిచ్చిన కాగితం ఆయన ముందు పెట్టి, చదవమని రెండుసార్లు చెప్పాను. "సంతకం ఎక్కడ?" అన్నారు, ఫోన్లోంచి తలెత్తకుండా. నేనిచ్చిన కాగితం ఆయన ఏనాడు చదివారు గనక! బిగించే రోజుల్లోనూ ఈ గది వైపు తొంగి చూడలేదు.

ఆదివారం స్నేహితులు ముగ్గురూ తువ్వాళ్ళు భుజానేసుకుని దిగారు. ఆయన ముందు నడిచి, తలుపు తీసి, గర్వంగా లోపలికి అడుగేశారు. తల పైచెక్కకి ఠపీమని కొట్టుకుంది. ఎలాగో వంగి కూర్చోబోతే మోకాళ్ళు పొయ్యి కంచెకి తగిలి "అబ్బా" అన్నారు.

"ఒరేయ్, ఇది నీ ఇంట్లోదేనా, పక్కింటి పిల్లలదా?" అన్నాడొకడు. ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన ముఖం కందగడ్డలా అయింది. నలుగురిలో ఎప్పుడూ నా మీద జోకులేసి నవ్వించే మనిషి. ఇవాళ ఆయన్ని చూసి నవ్వుతుంటే జాలి పడాలేమో అనుకున్నాను. పడలేదు. కడుపు నిండినట్టయింది.

"వెనక్కి పంపించెయ్!" అని అరిచారు వాళ్ళు వెళ్ళాక.

"కొలతకి కోసింది వెనక్కి తీసుకోరండీ. మీరు సంతకం కూడా పెట్టారు."

"మొగుడు పట్టని గది ఎందుకే?" అంది అత్తయ్య.

"నేను పడతానుగా."

మెషిన్ కిటికీ దగ్గరే ఉంది. మూల నాలుగడుగుల్లో సౌనా ఒదిగిపోయింది. లోపలికెళ్ళి తలుపేసుకున్నాను. రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోస్తే ఆవిరి మెల్లగా భుజం మీదికి దిగింది. బయట ఆయన తిడుతున్నట్టున్నారు. ఏమంటున్నారో ఒక్క ముక్క వినపడలేదు. వినపడనంత మందం చెక్కనే ఏరి ఏరి తెప్పించాను.