తల్లి లేని వేపమొలక

నేను ఒక వేప పుప్పొడి కణాన్ని. కంటికి ఆననంత నలుసుని. ఏ ఈగ కాలికో అంటుకుని ఇంకో పువ్వు మీద వాలి, కాయకి సగం వాటా ఇచ్చి చావడమే నాకు రాసిపెట్టిన బతుకు. తెలంగాణలో ఒక పరిశోధనశాల వాళ్ళు నన్ను అలా చావనివ్వలేదు.

పువ్వు విచ్చకముందే మొగ్గను కోశారు. ఫ్రిజ్‌లో పెట్టి వణికించారు. బ్లీచింగ్ నీళ్ళలో ముంచారు. మొగ్గ చీల్చి, నేనున్న తిత్తిని పట్టకారుతో పీకి, సీసాలో మొక్కల్ని పెంచే జిగురు మీద పడేశారు. చలి, ఆకలి, చీకటి. ఇంత హింస పెడితే పుప్పొడి తాను పుప్పొడినన్న సంగతే మరిచిపోయి పిండమవుతుందట. నిజమే, మరిచిపోయాను. తల్లి లేకుండా, సగం వారసత్వంతో పుట్టాను.

ఎందుకింత యాతన అంటారా? వాళ్ళకి కల్తీ లేని చెట్టు కావాలి. నా సగాన్ని మందుపెట్టి రెట్టింపు చేస్తే తరాల పని ఒక్క సీసాలో తేలిపోతుంది. కులం చూసి పిల్లనిచ్చే మనుషులు కదా, చెట్టులో కూడా శుద్ధ వంశమే వెతుకుతారు!

నన్ను పెంచింది సమ్మక్క. ములుగు అడవి పక్క నుంచి పీహెచ్‌డీకి వచ్చిన పిల్ల. పుప్పొడి నుంచి ఒక్క మొక్క తీసి రుజువు చేస్తే ఆమెకి పట్టా, లేకపోతే ఇంటిదారి. ఆ మాట ఆమె గైడు విద్యాధర్‌రావు రోజూ గుర్తుచేసేవాడు.

నేను పాలిపోయిన ఆకులతో, వంకర కాండంతో, వెంట్రుకంత వేరుతో పెరిగాను. సగం సరుకుతో పుట్టినవాళ్ళు అలాగే ఉంటారు. పక్క సీసాల్లోవి దున్నపోతుల్లా బలిశాయి. అవి పుప్పొడి బిడ్డలు కావు, తిత్తి గోడలోంచి పూర్తి వారసత్వంతో మొలిచిన చెట్టు ఒంటి ముక్కలు. తేడా తెలియాలంటే వేరు కొస కోసి మైక్రోస్కోపు కింద క్రోమోజోములు లెక్కపెట్టాలి. నాకున్నది ఒక్కటే వేరు. కోస్తే చస్తానని సమ్మక్క ఆగింది. బలిసినవాటి వేళ్ళు మాత్రం కోసి, ఆమె పనిని తనిఖీ చేయడానికి రాబోయే కమిటీకి ముందే పంపింది.

కమిటీ వచ్చే పొద్దున విద్యాధర్‌రావు నా సీసా ఎత్తి చూశాడు.

“ఇదేం మొక్క సమ్మక్కా? గంజి దొరకని ఇంట్ల పోరని లెక్కుంది.”

“బతుకుతది సార్. ఇంకొంచెం పెరగనీయుండ్రి.”

“కమిటీ ముందట నా ఇజ్జత్ తీస్తవా? మంచిగ పచ్చగున్నయి పెట్టు. ఈ చెత్తను ఉడకెయ్.”

సమ్మక్క చదువుకున్నదే. సగం వారసత్వం బక్కగా ఉంటుందని పుస్తకంలో చదివిందే. కానీ ఆ పచ్చదనం చూసి ఆశపడింది. నన్ను బకెట్లో వేసి, ఆవిరి యంత్రం నడిపే కొమురయ్యకి ఇచ్చేసింది. పరిశోధనశాలలో దేన్నీ బతికుండగా పారేయరు, ఉడికించి పారేస్తారు. దాన్ని శుభ్రత అంటారు.

కమిటీలో వచ్చిన పెద్దావిడ పచ్చటి సీసాల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

“నువ్వు పంపిన వేళ్ళన్నిట్లో ఇరవై ఎనిమిది క్రోమోజోములున్నాయమ్మా. పుప్పొడి బిడ్డకి పద్నాలుగే ఉండాలి. సన్నగా, పాలిపోయినవేవీ రాలేదా నీకు?”

సమ్మక్క పరుగెత్తింది.

“కొమురయ్య కాకా, ఆపు! ఆపు!”

“ప్రెషర్ ఎక్కింది బిడ్డా. ఇప్పుడు మూత తీస్తే నీ మొఖం ఉడుకుతది.”

వెనక నుంచి విద్యాధర్‌రావు గొంతు వినిపించింది. “ఈ పిల్లకు ఎన్నిసార్లు చెప్పిన మేడమ్, ఏదీ పారెయ్యొద్దని!”

కమిటీ ఆ మాటే నమ్మింది. ప్రాజెక్టు సారుకే ఉంచింది, సమ్మక్కను తీసేయమంది.

మూత తెరిచాక ఆమె నన్ను వెతికి తీసింది. కరిగిన జిగురులో తేలే ఆకుకూర ముక్కని నేను. ఉడికిన వేరులో లెక్కపెట్టడానికి ఏమీ మిగలదని ఆమెకి తెలుసు. అయినా బ్లేడుతో కొస కోసింది, గాజు పలకల మధ్య నొక్కింది, కన్ను ఆనించింది.

“కనబడ్తుందా బిడ్డా?” అన్నాడు కొమురయ్య.

“పద్నాలుగే ఉన్నయ్ కాకా.”

అబద్ధం. ఆ పలక మీద నా మరక తప్ప ఏమీ లేదు. మిగతా నన్ను కొమురయ్య అప్పటికే మోరీ కాలువలో పోసేశాడు.