పడవకు కొత్త ట్యాంకు

పాత చీర ముక్కను మడతపెట్టి గరాటు మీద పరిచి, జీవానందం పడవ ట్యాంకులోని పెట్రోలును సన్నటి ధారగా డబ్బాలోకి వంచుతున్నాడు. కంభం చెరువు మీద మంచు ఇంకా విడలేదు. అవతలి కొండల పైభాగం మాత్రం గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తోంది. ధార ఆగాక గుడ్డ ఎత్తి చూశాడు. ఇటుకపొడి లాంటి తుప్పు, మధ్యలో గోరంత పెళ్ళ. దాన్ని వేళ్ళతో తీసి పారేసి, నీళ్ళలో చేతులు కడుక్కున్నాడు. ఆ పెట్రోలునే మళ్ళీ ఆ ట్యాంకులోనే పోశాడు. లోపలంతా తుప్పు పట్టిన ఇనప ట్యాంకు అది. ఎంత వడకట్టినా సాయంత్రానికి మళ్ళీ అంతే. ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా రోజూ వడకడతాడు.

అరవై దాటిన మనిషి. పొట్టిగా ఉంటాడు, భుజాలు వెడల్పు. వయసులో మార్కాపురంలో పలకలు కోసే ఫ్యాక్టరీలో పనిచేసినప్పుడు పట్టుకున్న దగ్గు ఇప్పటికీ తెల్లవారుజామున ఒకసారి వచ్చి పలకరించి పోతుంది. మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషి మొహం వైపు కాకుండా భుజం వైపు చూస్తాడు. అందువల్ల అతనికి పొగరని కొందరు అనుకుంటారు. అతనికి ఉన్నది పొగరు కాదు, బెరుకు.

పడవ కూడా పాతదే. టూరిస్టులను తిప్పుతామని ఎవరో కాంట్రాక్టరు తెచ్చిన ఫైబరు పడవ. రెండు వేసవులు గడిచేసరికి టూరిస్టులూ రాలేదు, కాంట్రాక్టరూ రాలేదు. నడపడానికి కుదుర్చుకున్న జీవానందాన్ని మానుకోమని చెప్పినవాళ్ళు గానీ, నడపమని చెప్పినవాళ్ళు గానీ లేరు. ఇంజను పాడవుతుందని అప్పుడప్పుడు తిప్పేవాడు. అట్లా తిప్పుతుండగానే అవతలి కొండ కింద మిరపతోటలకు కూలికి పోయే పాలెం ఆడవాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. పొద్దున దించి రావాలి, సాయంత్రం తీసుకురావాలి. ఆ రెండు ప్రయాణాల మధ్య మిగిలిన పగలంతా అతనిది. ఆ పగలుతో ఏం చేసుకోవాలో అతనికి ఎప్పుడూ సరిగ్గా తెలియలేదు.

ఆడవాళ్ళు వచ్చారు. అన్నం క్యారియర్లు, నెత్తిన చుట్టుకున్న తువ్వాళ్ళు, ఒకరి మాట మీద ఇంకొకరి మాట. వాళ్ళందరికీ ముందు నడిచేది రోశమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి, పెద్ద గొంతు. తోట యజమానితో కూలి మాట్లాడేదీ ఆమే, పాలెంలో ప్రార్థన కూటానికి అందరినీ పోగేసేదీ ఆమే.

జీవానందం తాడు లాగాడు. రెండోసారికి ఇంజను అందుకుంది.

పడవలో అతను మాట్లాడడు, వింటాడు. ఇందు అనే పడుచుపిల్ల అత్తగారు కూరలో కారం చాల్లేదని కంచం నెట్టేసిందన్న సంగతి, రోశమ్మ అల్లుడు మళ్ళీ తాగడం మొదలుపెట్టిన సంగతి అన్నీ అతనికి తెలుసు. ఆ ఇళ్ళల్లో ఒక్క గడపా అతను తొక్కలేదు. అయినా పొద్దున సగంలో ఆగిన కథ సాయంత్రం ఏమవుతుందోనని మధ్యాహ్నమంతా ఆలోచిస్తాడు. ఇందు ఒకరోజు పనికి రాకపోతే, వాళ్ళత్త ఏమందో అని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా సయించదు.

చెరువు నడిమధ్యకు వచ్చేసరికి ఇంజను దగ్గింది. రెండుసార్లు ఎగిరి, ఆగిపోయింది. మాటలు కూడా ఆగిపోయాయి.

"ఏంది మామా, మళ్ళా ఆగిపాయెనా?" అంది రోశమ్మ.

"వస్తది, వస్తది. కూసోండి."

పైపు ఊడదీసి నోటితో ఊదాడు. పెట్రోలు చేదు నాలుకకు తగిలింది. ఉమ్మేసి, పైపు మధ్యనున్న రబ్బరు బుడ్డను పిసికి తాడు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. పడవ గాలికి మెల్లగా అడ్డం తిరిగింది. ఒకామె చేతిని నీళ్ళలో పెట్టి ఊరికే ఆడిస్తోంది. తాడు లాగి లాగి అతని చొక్కా వీపుకు అతుక్కుపోయాక, ఇంజను పొగ కక్కి అందుకుంది.

ఒడ్డు దగ్గరపడుతుండగా రోశమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పోయిన వారం గూడా ఇట్లనే ఆయె మామా. తోటాయన చేని గెనెం మీద నిలబెట్టి అడుగుతా ఉండాడు, ఇప్పుడా వచ్చేదని. పాల్ రాజు ఆటో కొన్నాడు గదా, చెరువుకట్ట తిరిగి పోయినా టయానికి దించుతానన్నాడు. రేపట్నుంచి అందులో పోదామనుకుంటున్నాం. ఏమనుకోబాక."

జీవానందం ఆమె భుజం వైపు చూశాడు. "మీ ఇష్టం అమ్మా" అన్నాడు.

వాళ్ళు దిగి పోయారు. మిరపచేల మధ్య తువ్వాళ్ళ రంగులు కనిపించినంతసేపు చూశాడు. తిరిగి ఒక్కడే వస్తుంటే ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. దాన్ని ఒక తన్ను తన్నాలనిపించింది.

అతనికి ఇట్లా జరగడం కొత్త కాదు. అతని పాతికేళ్ళప్పుడు భార్య సరళ కూడా ఇట్లనే పోయింది. పెళ్ళయిన ఏడాది లోపే దర్శికి, పుట్టింటికని పోయి మళ్ళీ రాలేదు. గొడవేమీ లేదు. ఎందుకు రాలేదని అడిగితే చెప్పడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు. తీసుకొద్దామని ఒకసారి పోయి మామతో మాట్లాడి వచ్చాడు. రెండోసారి పోయినప్పుడు సందు మలుపులో బోరింగు దగ్గర సరళ కనిపించింది. అన్న పిల్లలు నీళ్ళు చల్లుతుంటే తల వెనక్కి వేసి నవ్వుతోంది. తన ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆమె అట్లా నవ్వగా అతను చూడలేదు. పిలవలేదు. వచ్చిన బస్సులోనే వెనక్కి తిరిగాడు. ఆ తర్వాత ఆమెకు వేరే పెళ్ళయిందని ఎవరో చెప్పారు. అప్పుడు కూడా అతను "వాళ్ళ ఇష్టం" అనే అన్నాడు.

పడవను కట్టేసి రాయి మీద కూర్చున్నాడు. చాలాసేపటికి లేచి, కంభం పోయే ఆటో ఎక్కాడు.

శివాజీ దుకాణంలో మందు కొట్టే పంపులు, మోటార్లు రిపేరు చేస్తారు. సముద్రం ఒడ్డునున్న ఊళ్ళ నుంచి పడవ సామాన్లు తెప్పించగలిగేది కూడా ఆ చుట్టుపక్కల అతనొక్కడే. కిందటేడు జీవానందం అడిగితే ట్యాంకు తెప్పించాడు. జీవానందం మాత్రం తీసుకుపోలేదు. పాతది ఇంకా నడుస్తోంది కదా అనుకున్నాడు.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చినామా పెద్దనాయనా?" శివాజీ అటక మీద నుంచి దించి, దుమ్ము తుడిచి ముందు పెట్టాడు. ఎర్రటి ప్లాస్టిక్ ట్యాంకు. పక్కన పెట్రోలు ఎంతుందో కనిపించే తెల్లటి గీత. "ఇది తుప్పు పట్టదు. నువ్వూ నేనూ పోయినా ఇది ఉంటది."

జీవానందం దాన్ని రెండు చేతులా ఎత్తి చూశాడు. ఇంత తేలికా అనిపించింది. "పైపు పట్టుద్దా?" అన్నాడు.

"పాత పైపే ఎక్కించు. బిర్రుగా ఉంటది. వేడినీళ్ళలో ముంచి నెట్టు. మూత మీద మర ఉండాది చూడు..." అని శివాజీ ఏదో చెప్పబోతుండగా మోటారు మోసుకుంటూ ఎవరో వచ్చారు. అతను అటు తిరిగాడు.

పెట్రోలు బంకులో నింపించి, ఆయిలు కలిపించుకుని తిరిగివచ్చాడు. నిండిన ట్యాంకును ఆటో దగ్గర నుంచి నీళ్ళ దాకా మోసేసరికి ఎడమ చెయ్యి భుజం దాకా లాగింది. దారిలో రెండుచోట్ల దించుకున్నాడు. బరువుకేలే అనుకున్నాడు.

కట్ట కింద నరసమ్మ టీ కొట్టు ఉంది. జీవానందం అక్కడ వేడినీళ్ళు అడిగి, పైపు కొస ముంచి, మెత్తబడగానే కొత్త ట్యాంకు మూతికి తోశాడు. క్లిప్పు బిగించాడు. పాత ట్యాంకున్న చోట కొత్తది కదలకుండా సైకిలు ట్యూబుతో కట్టాడు. తాడు లాగితే మొదటిసారికే ఇంజను అందుకుంది. ఆ చప్పుడే వేరుగా ఉంది. పడవను కొంచెం దూరం తోలాడు. అంతలో ఇంజను నీరసపడి ఆగిపోయింది.

మళ్ళీ లాగాడు, రాలేదు. ఇక చేసేదేముందని ట్యాంకు మీద చెయ్యి పెట్టేసరికి, దాని పక్కలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి. మూత వైపు చూశాడు. మధ్యలో చిన్న మర. పాత ట్యాంకు మూతకు ఎప్పుడో మేకుతో తనే బొక్క కొట్టాడు, గాలి దానంతట అదే పోయేది. ఈ మర తిప్పితే తప్ప దీనికి గాలి అందదు. తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయి, ట్యాంకు పక్కలు టక్కుమని మామూలుగా అయ్యాయి.

జీవానందం నవ్వాడు. నడి నీళ్ళలో, ఒక్కడే, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. శివాజీ చెప్పబోయింది ఇదేనన్నమాట. ఒడ్డుకు రాగానే నరసమ్మతో "గాలి మర తిప్పలా అమ్మా, అందుకే ఆగింది" అన్నాడు. ఆమె బజ్జీలు తీస్తూ, "అట్లనా అన్నా" అంది. ఇంకా చెప్పాలనిపించింది. ఆమెకు బేరం తగలడంతో ఊరుకున్నాడు.

సాయంత్రం పొద్దు వాలకముందే అవతలి ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. ట్యాంకును తడిగుడ్డతో తుడిచాడు. ఆడవాళ్ళు వచ్చి ఎక్కారు. ఎర్రటి ట్యాంకు కాళ్ళ దగ్గరే ఉన్నా ఎవరూ చూడలేదు. పొద్దుటి నుంచి వంగి కాయలు కోసిన నడుములు, మంటలెత్తిన వేళ్ళు. ఒకామె కూర్చోగానే కళ్ళు మూసుకుంది. పడవ కదిలింది. ఇందు వాళ్ళత్త గురించి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున ఆమె కంచం నెట్టేసిందా, మధ్యాహ్నం తనే కట్ట మీదుగా నడిచి చేనికి వచ్చి మజ్జిగ ఇచ్చిపోయిందంట. "ఏమనుకుందో ఏమో" అని ఇందు నవ్వింది. జీవానందం మనసు కుదుటపడింది.

చెరువు మధ్యకు వచ్చింది. ఆగేది అక్కడే కదా. అతను మూత మీది మర వైపు చూశాడు. ఇంజను ఒకే తీరుగా పోతూనే ఉంది. పడవ ఆగనందువల్ల మాటలూ ఆగలేదు, మాటలు ఆగనందువల్ల ఎవరికీ ఏమీ తెలియలేదు. ఒడ్డుకు వచ్చాక అందరూ దిగి, ఎవరి క్యారియరు వాళ్ళు తీసుకుని నడిచారు. జీవానందం పడవ అంచు పట్టుకుని నిలబడ్డాడు. చెప్పాలనుకున్న ఒక్క ముక్క నోట్లోనే ఉండిపోయింది.

నాలుగడుగులు వేసిన రోశమ్మ వెనక్కి తిరిగింది. "ఔ మామా, ఈపొద్దు యాడా ఆగలేదేంది?"

"ట్యాంకు మార్చినా."

ఆమె వంగి చూసింది. "ఓహో, కొత్తదే! ఎర్రగా బలే ఉండాదే. ముందే మారిస్తే పోయేది గదా, ఇన్నాళ్ళు మా పానాలు తీసినావు." నవ్వి, ఏదో ఆలోచించి, "అయితే ఇంక ఆటో ఎందుకులే. నీళ్ళ మీద చల్లగా పోయేది మాకూ హాయి. పాల్ రాజుకు నేను చెప్తాలే. పొద్దున్నే రా మామా" అంది.

"వస్తా" అన్నాడు. ఈసారి ఆమె మొహం వైపే చూశాడు.

రోశమ్మ చంకలోని కందికొమ్మల కట్టను తీసి పడవ బల్ల మీద పెట్టింది. చేనిగట్టున విరుచుకొచ్చిన పచ్చి కందికాయలు. "ఉప్పేసి ఉడకబెట్టుకో" అని, అందరినీ అందుకోవడానికి గబగబా కట్ట ఎక్కింది.

ఆమె కట్ట దాటేదాకా చూసి, జీవానందం మళ్ళీ పడవ ఎక్కాడు. తీసుకురావలసినవాళ్ళు లేరు. దించవలసినవాళ్ళూ లేరు. ఇన్నేళ్ళలో ఊరికే, తన కోసమని, ఒక్క చుట్టు కూడా తిరగలేదు. తాడు లాగాడు. ఎడమ చెయ్యి మళ్ళీ లాగింది. కుడిచేత్తో పిడి పట్టుకుని వెనక బల్ల మీద కూర్చుని, నీళ్ళ మీద ఎర్రబడుతున్న వెలుగులోకి పడవను తిప్పాడు. చల్లగాలి మొహానికి కొట్టింది. ఇందు వాళ్ళత్త మజ్జిగ గుర్తొచ్చి మళ్ళీ నవ్వొచ్చింది.

ఆ తర్వాత దగ్గర ఉండి చూసినవాళ్ళు ఎవరూ లేరు. విన్నవాళ్ళు మాత్రం చాలామంది. నరసమ్మ గిన్నెలు కడుగుతూ విన్నది. పాలెంలో పొయ్యి ముట్టిస్తూ రోశమ్మ విన్నది. ఇంజను ఎక్కడా దగ్గకుండా, ఆగకుండా, సన్నగా ఒకే తీరుగా మోగుతోంది. "మామ ఇంజను బాగయింది" అని రోశమ్మ పక్కింటామెతో చెప్పింది కూడా. అది బాగుందనుకున్నారే గానీ, ఎటూ పోకుండా ఒక్కచోట నుంచే వినిపిస్తోందని ఎవరూ అనుకోలేదు.

థర్మాకోలు తెప్ప మీద వల వేస్తున్న ఇస్సాకు చీకటి పడుతుండగా చూశాడు. పడవ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతోంది. కేకేశాడు. పలకలేదు. దగ్గరికి పోయి అంచు పట్టుకున్నాడు. జీవానందం బల్ల మీద ఒదిగి కూర్చుని, పిడి మీద చెయ్యి, చెయ్యి మీద తల పెట్టుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనే ఇస్సాకు మొదట అనుకున్నాడు. భుజం తట్టి చూశాక, ఇంజను ఎట్లా ఆపాలో తెలియక ట్యాంకు దగ్గర పైపు పీకేశాడు. ఇంజను కాసేపు ఆడి ఆగింది. చెరువు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించిందని ఇస్సాకు తర్వాత చెప్పాడు.

మర్నాడు ఆడవాళ్ళెవరూ కూలికి పోలేదు. పాలెం సమాధుల దొడ్డిలో పాస్టరు గారు ప్రార్థన చేశారు. బంధువులని చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే రోశమ్మ ముందు నిలబడి మొదటి మట్టి వేసింది. ఆ తర్వాతి పొద్దున వాళ్ళు పాల్ రాజు ఆటోలో తోటకు పోయారు. కట్ట మీద చెరువు కనిపించినంతసేపు ఆటోలో అందరూ నీళ్ళ వైపే చూశారు.

పడవను ఇస్సాకు ఒడ్డుకు లాగి కట్టేశాడు. దాని బల్ల మీద కందికొమ్మల కట్ట అట్లాగే ఉంది. ఆకులు వాడి ముడుచుకున్నాయి, కాయల పచ్చదనం మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు.