పసుపు కడిగిన తూకం రాళ్లు

చార్మినార్ పక్క సందులో మూడు తరాల కిరాణా దుకాణం నడుపుతున్న గుండయ్యకు ఆరేళ్లుగా ఒకటే పిచ్చి. తాత వాడిన తూకం రాళ్లు మ్యూజియానికి దానమిచ్చాడు గదా, వాటి పక్కన తాత పేరు రాయించాలి. తాత పేరే మనవడికీ పెట్టారు కాబట్టి ఒక్కసారి రాయిస్తే ఇద్దరికీ సరిపోతుంది. అర్జీల మీద అర్జీలు పెట్టాడు. చివరికి ఎవరో ఆఫీసరు విసిగి వేసారి, పేరు రాయించామని ఉత్తరం పంపాడు.

ఇంకేం, గుండయ్య నేల మీద నిలవలేదు. ఉత్తరం అదునుకొచ్చింది మరి! కొడుకు శ్రవణ్‌కుమార్ ప్రేమించిన అభిజ్ఞ తండ్రి విఠల్‌రావు, రిటైరైన సర్కారు ఉద్యోగి. దుకాణదారు ఇంటికి పిల్లనివ్వడానికి ఆయనగారికి మనసొప్పడం లేదు. అలాంటి మనిషికి ఇంతకన్నా మంచి మందేముంటుంది? ఆటో ఎక్కించి, దారి పొడవునా తాత నిజాయితీ మీద పురాణం విప్పుతూ మ్యూజియానికి పట్టుకొచ్చాడు.

కత్తులు, గడియారాలు, పాలరాతి బొమ్మలు... దేన్నీ నింపాదిగా చూడనివ్వలేదు.

"గవన్నీ నవాబులయి సార్. మనది ముంగటున్నది, రాండ్రి!"

పాత బజార్ల గదిలో, అద్దాల పెట్టెలో ఉన్నాయి రాళ్లు. ఏటా దీపావళికి పసుపు కుంకుమ పూసి మొక్కిన రాళ్లాయె, మొక్కే వస్తువును బోర్లించి చూసేదెవరు? గుండయ్యా చూడలేదు, అతని తండ్రీ చూడలేదు. మ్యూజియం వాళ్లకు పాపం అంత భక్తి లేదు. ఇన్ని దీపావళుల పసుపు శుభ్రంగా కడిగి, బోర్లించి పెట్టారు. అడుగున గుంతలు తొలిచి ఉన్నాయి.

పక్కనే పలక: "తొలిచి బరువు తగ్గించిన తూకం రాళ్లు. కొనేవారిని మోసగించడానికి వాడినవి. వర్తకుడు: గుండయ్య, చార్మినార్." పేరు మాత్రం అడిగినట్టే, పెద్ద అక్షరాల్లో!

గుండయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏం రాసిండ్రు?" అన్నాడు విఠల్‌రావు. కంటి ఆపరేషనై వారమే అయింది. ఆయనకు అక్షరాలూ మసకే, గుంతలూ మసకే. దేవుడున్నాడు!

"ధర్మంగ తూచిన రాళ్లట సార్. గుండయ్యగారు రవ్వంత మోసం గూడ చెయ్యలేదట."



"బావగారూ," అన్నాడు విఠల్‌రావు. ఆ పిలుపుకు గుండయ్య ఉబ్బిపోయాడు. "నా చిన్నప్పుడు నెయ్యి మీ తాత దుకాణంలనే కొంటుంటిమి. నెల ఒడవకముందే అయిపోయేది. పుట్టింటికి పంపుతున్నవని మా నాయన అమ్మను మస్తు తిట్టేటోడు. కొట్టిండు గూడ. పంపలేదని అమ్మ సచ్చేదాంక ఒట్లు పెట్టింది. నేను ఆమె దిక్కే ఉంటి." పలక వైపు చెయ్యి చూపించాడు. "తూకం గింత సక్కగున్నదంటే, అమ్మనే అబద్ధం చెప్పిందన్నట్టు."

సంబంధం ఖాయమైపోయింది. గుండయ్య ఇక "అవును" అనక్కర్లేదు, నోరు మూసుకుంటే చాలు. ఇంత చవక బేరం అతనికి పుట్టి బుద్ధెరిగాక తగల్లేదు. ఛీ, పోయిన ఇల్లాలి నెత్తిన దొంగతనం రుద్ది పెళ్లి పందిరి వేస్తామా? 

"సార్," అన్నాడు. బావగారూ అనడానికి నోరు రాలేదు. "అమ్మ అబద్ధం చెప్పలే. ఇందాక నేను చెప్పిన. ఇప్పుడు సక్కగ చదువుత, ఇనుండ్రి."

అద్దం మీద వేలు పెట్టి మొదటి నుంచీ పైకి చదివాడు. పేరు దగ్గర కూడా గొంతు తగ్గించలేదు.