సుజాత కర్రకు వేసిన అతుకు

మా కోడలు సుజాత పొట్టిది. కాపురానికొచ్చిన కొత్తలో గుమ్మానికి మామిడాకులు కట్టమంటే స్టూలు అడిగింది. అందరం నవ్వాం, తర్వాత మరిచిపోయాం. ఇంట్లో మనిషి పొట్టి అయితే ఏమవుతుంది? అటక మీది డబ్బాలు నా కొడుకు ప్రవీణ్ దించేవాడు, వాడు లారీ మీద పోతే నేను దించేదాన్ని. ఆ పొట్టితనం ఒకనాడు ఆమె దారికి అడ్డం నిలబడుతుందని ఎవరనుకుంటారు!

గుంతకల్లులో స్టేషన్‌కు పోయే దారిలో, మేడ మీద ఓబిలేష్ పూల్ ఆట పెట్టాడు. పచ్చగుడ్డ పరిచిన పెద్ద బల్లలు, వాటి మూలల్లో, పక్కల్లో బొక్కలు. పొడుగాటి కర్రతో తెల్లబంతిని పొడిస్తే అది పోయి రంగు బంతిని కొట్టి బొక్కలో పడెయ్యాలి. రైల్వే పిల్లలు డ్యూటీ దిగి నేరుగా అక్కడికే వస్తారు. సుజాత అక్కడ కౌంటర్లో కూర్చుంటుంది. మధ్యాహ్నం ఎండకు పురుగు కూడా మెట్లెక్కదు. ఊరికే కూర్చోలేక కర్ర పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. కౌంటరు అక్కతో ఆడితే పరువు పోతుందని ఆ పిల్లలే చెప్పుకునేదాకా వచ్చింది.

మొన్న వేసవిలో తాడిపత్రి వాళ్లతో ఆదివారం పందెం కుదిరింది. ఓబిలేష్ జట్టులో ఒకతనికి బదిలీ అయి, ఒక మనిషి తక్కువయ్యాడు. ఆ చోటు తనకిమ్మని సుజాత నోరు తెరిచి అడిగింది. ఆమె నోరు తెరిచి ఒకటి అడగడం నేను ఎరగను. చీర కూడా అడగని మనిషి.

"నీ ఆట బాగుండాది అక్కా, కాదంటానా?" అన్నాడట ఓబిలేష్. "దూరం బంతి పడితే ఏం జేస్తావు? బల్లెక్కుతావా? ఒక కాలన్నా నేల మీద ఉండాల. తాడిపత్రోళ్లు ఊరుకోరు."

దూరం బంతికి కర్ర ఆనించుకోవడానికి పొడుగు పిడి ఉన్న కొయ్య ఒకటి ఉంటుందట. దాన్ని దూరంగా జరిపి కర్ర ఆనిస్తే, చేత్తో పట్టుకునే కర్ర తోక బల్ల మధ్యలోనే ఆగిపోతుంది. పొడుగు మనుషులు వంగి పట్టుకుంటారు. ఈమెకు అందదు. తోకకు తగిలించే ముక్క బెంగళూరు నుంచి తెప్పించుకోవచ్చు గానీ ఆదివారంలోపల రాదు.

"అందేటట్ల ఏమన్నా చేసుకుంటే నిన్నే ఆడిస్తా. లేదంటే మా తమ్ముడు ఆడతాడు" అని, కొలత చూసుకోమని తన సొంత కర్రే ఇచ్చి పంపాడు. "జాగ్రత్తక్కా, అది నా ప్రాణం" అని కూడా అన్నాడు.

ఆమె ఆ కర్రను గోడకు ఆనించి, నాకు ఇదంతా చెప్పింది. నేను దాని తోక పట్టుకుని చూశాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి చుడితే సరిపోయేంత లావు. నాకు మా చీనీతోట పైపులు గుర్తుకొచ్చాయి.

మాకు చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లున్న కాలంలో, మా ఇంటాయన అంజినప్ప బోరు నుంచి తోటదాకా తెల్లపైపు పరిచాడు. పందులు తొక్కి విరిచేవి, ఎండకు పగిలేవి. ప్రతిసారీ అతుకుముక్క కోసం ఊళ్లోకి పరుగెత్తలేం గదా. శెనక్కాయ పొట్టు మంట మీద పైపు కొస తిప్పుతూ కాస్తే అది అప్పడాల పిండిలా మెత్తబడుతుంది. రెండోదాన్ని అందులోకి దూర్చి చన్నీళ్లు పోస్తే బిగుసుకుంటుంది, ఇక ఏనుగు లాగినా రాదు. మా ఆయనకు చేతులు కాలేవి, నాకు కాలేవి కావు. అందుకని ఆ పని నాదే. బోరు ఎండిపోయింది, చెట్లు పోయాయి, పైపు ముక్కలు మాత్రం పెరట్లో ఇంకా పడున్నాయి.

"సుజాతా, పొయ్యి అంటించు" అన్నాను.

నాకు చేయి తిరిగిన పని. పెరట్లోంచి ఒక పైపు ముక్క తెచ్చి కొస కాచాను, మెత్తబడింది, కర్ర తోకకు తొడిగి జానెడు లోపలికి తోశాను, చెంబు నీళ్లు పోశాను. అద్దినట్టు కూర్చుంది. సుజాత పట్టుకుని గాలిలో రెండు పోట్లు పొడిచింది. ముఖం వెలిగిపోయింది.

"ఇంగ తియ్యత్తా" అంది.

"తీసేదేంది?"

"దగ్గర బంతికి ఇది ఉండకూడదు గదా. దూరమైతే తగిలించాల, దగ్గరైతే తియ్యాల."

నేను లాగాను. ఆమె లాగింది. ఒకరం ఇటు, ఒకరం అటు పట్టి లాగాం. ఆ కర్ర తోక కొసన లావు, ముందుకు పోయేకొద్దీ సన్నం. పైపు ఆ లావును దాటి పోయి సన్నం దగ్గర కరుచుకుంది. విడిపోకుండా అతకడమే నా జన్మంతా చేసిన పని. విడిపోయే అతుకు వెయ్యాలని నాకు తట్టనే లేదు.

"ఓబిలేష్ కర్ర అత్తా ఇది" అని సుజాత కింద కూర్చుండిపోయింది. "ఆట పోతే పోయిందిలే. రేపు ఏ మొగం పెట్టుకుని కౌంటర్లో కూర్చోవాల?"

"మళ్లా కాస్తాం, మెత్తబడతాది."

"కర్ర కాలిపోదా? నువ్వు ఊరుకో, నీకు దండం పెడతా."

కాసేపటికి ఆమె లేచి ప్రవీణ్ సామాన్లలోంచి రంపంబ్లేడు తెచ్చింది. కర్రను తొడల మధ్య పెట్టుకుని, కర్ర దూరినంత మేరా పైపు మీద పొడుగునా గీయడం మొదలుపెట్టింది. పొడిని ఊదుతుంది, గీస్తుంది, వేలితో తడిమి చూస్తుంది. ఇక కాగితమంత మందం మిగిలిందనగా బ్లేడు పక్కన పెట్టి, స్క్రూడ్రైవర్ కొస గీతలో ఆనించి మెలిపెట్టింది. టప్‌మని పగిలింది. పైపు నోరు తెరిచి చేతిలోకి వచ్చేసింది. కర్ర మీద గీత కూడా పడలేదు.

నేను ఆ పైపును పెరట్లోకి విసరబోయాను.

"ఉండత్తా!" అని లాక్కుంది. చీలిక వచ్చిన ఆ కొసను మళ్లీ కర్ర తోకకు నెట్టింది. చీలిక విచ్చుకుని దారి ఇచ్చింది, లోపలికి పోగానే మూసుకుని పట్టుకుంది. లాగితే వచ్చేసింది. మళ్లీ నెడితే మళ్లీ పట్టుకుంది. పాత సైకిల్ ట్యూబు కోసి పైన ఒక పట్టీ ఎక్కిస్తే ఆ కాస్త కదలిక కూడా పోయింది. మేమిద్దరం పొయ్యి దగ్గరే కూర్చుని నవ్వినామంటే, పక్కింటి తిమ్మక్క గోడ మీంచి తొంగి చూసి, "ఏమైందే మీకు, ఎండ తగిలిందా?" అంది.

ఆదివారం నేనూ పోయాను. ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఓబిలేష్ ముందు తన కర్రను కొసనుంచి కొసదాకా తడుముకున్నాడు, తర్వాత పైపు చూశాడు. తగిలించాడు, తీశాడు. సుజాత చేతికిచ్చాడు.

తాడిపత్రి పిల్లలు నవ్వారు. "ఏమక్కా, బల్లకు డ్రిప్పు ఏస్తాండావా?" అన్నాడొకడు.

"మీ బంతులు ఎండిపోతాండాయి గదప్పా, రవ్వన్ని నీళ్లు పెడదామని" అంది మా కోడలు. మేడంతా నవ్వింది, వాడు కూడా.

ఆట నాకు సగమే తెలుసు. చివరికి నల్లబంతి ఒక్కటే మిగిలిందని, అది ఎవరు వేస్తే ఆ ఆట వాళ్లదేనని మాత్రం తెలిసింది. అది బల్ల అవతలి అంచు పక్కన, తెల్లబంతి బల్ల నడుమ. సుజాత పైపు తగిలించి, కొయ్య ఆనించి పొడిచింది. నల్లబంతి పడలేదు. పొడుగు కర్ర కదా, కొస వణికింది. ఆమెతో ఆడుతున్న తాడిపత్రి పిల్లోడు కూడా తప్పాడు. మళ్లీ ఈమె వంతు, మళ్లీ దూరమే. ఈసారి పైపును కాస్త ముందుకు పట్టుకుంది. రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. మెల్లగా పొడిచింది. నల్లబంతి తొందర లేకుండా పోయి, బొక్క అంచున ఆలోచించి, లోపలికి దిగింది.

మొత్తం పందెం మాత్రం తాడిపత్రి వాళ్లే గెలిచారు. మా వాళ్లు మిగతా ఆటల్లో ఓడిపోయారు. ఓబిలేష్ ముఖం మాడ్చుకుని కుర్చీలు సర్దుతూ, సుజాత దగ్గరికి వచ్చి ఆగాడు.

"వచ్చే నెల మనం తాడిపత్రికి పోవాలక్కా. పొద్దున బండికే."

"కౌంటర్లో ఎవరుంటారు?"

"మా తమ్మున్ని కూర్చోబెడతాలే" అన్నాడు.