ఈరన్న గుడ్డు ఎవరు తిన్నారు?

నేను ఒక నూనె డబ్బాను. పదిహేను కిలోల వేరుశనగ నూనె పట్టే రేకు డబ్బాను. ఆదోనిలో ఒక మిల్లులో నాకు మూత బిగించి, ఒంటి మీద చిలుక బొమ్మ కాగితం అంటించి ఎమ్మిగనూరు పంపారు. అక్కడొక టిఫిన్ హోటల్లో నాలుగు రోజుల్లో నన్ను ఖాళీ చేశారు. నా నూనెలో వేగిన బజ్జీలను జనం ఊదుకుంటూ, మెచ్చుకుంటూ తిన్నారు. నన్ను మాత్రం వెనక బోర్లించి, మీద కూర్చుని బీడీలు కాల్చారు. మనుషుల మెప్పు ఎంతసేపు నిలుస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

ఆ హోటల్లో దోసెలు పోసే ఈరన్న ఒకరోజు నన్ను ఇంటికి తెచ్చాడు. ఒక పక్క రేకు కత్తిరించి, అంచులు చేతికి కోసుకోకుండా సుత్తితో మడిచాడు. అడ్డంగా పడుకోబెట్టి, లోపల గడ్డి పరిచి, పెరటి గోడవార నీడలో పెట్టాడు. అప్పటినుంచి నేను కోళ్లు గుడ్లు పెట్టే చోటునయ్యాను. కోళ్లు రెండే. ఒకటి నల్లపెట్ట, ఇంకొకటి మెడ మీద ఈకలు లేని బోడిమెడ పెట్ట. ఇంట్లో మనుషులు ముగ్గురు: ఈరన్న, అతని భార్య సుంకులమ్మ, మొగుడు పోయాక తమ్ముడి దగ్గరే ఉండిపోయిన అక్క ఉరుకుందమ్మ.

ఆ ఎండాకాలం మొదట్లో ఈరన్నకు టీబీ అని తేలింది. ఆరు నెలలు మందులు మింగాలన్నారు, రోజూ ఒక గుడ్డు తప్పకుండా తినాలన్నారు. సుంకులమ్మ పత్తి మిల్లులో పనికి చేరింది. పొద్దున పోతే మూడు గంటలకు తిరిగొచ్చేది. మొగుడి దగ్గు విన్నప్పుడల్లా ఆమెకు ఆ గుడ్డే గుర్తొచ్చేది. ఇంట్లోకి పోకముందే, కాళ్లైనా కడుక్కోకుండా, నా దగ్గరికొచ్చి గడ్డిలో వెతికేది.

ఉరుకుందమ్మకు ఒక అలవాటు ఉండేది. వీధి చివర ఆమ్లెట్ బండివాడు పారేసే గుడ్డు పెంకులు ఏరుకొచ్చి, కడిగి, ఎండబెట్టి, పెనం మీద వేయించి, రోట్లో దంచి, జొన్న నూకలో కలిపి కోళ్లకు వేసేది. ఒకరోజు సుంకులమ్మ అది చూసి ముఖం చిట్లించింది.

"పెంకుల రుచి మరిగితే అవి గుడ్లనే పొడుచుకుని తింటాయంట వదినా. మా మిల్లులో అంటున్నారు. ఇంక వేయొద్దు."

"ఇన్నేండ్ల నుంచి వేస్తానే ఉన్నా కదమ్మే!"

"నీకు అలవాటని నా మొగుని గుడ్డు పోగొట్టుకోవాల్నా?"

ఉరుకుందమ్మ మరునాటి నుంచి వట్టి నూకలే వేసింది.

పదిహేను రోజులు గడిచేసరికి గుడ్ల పెంకు పలచబడింది. ఆ తరవాత పెంకే లేకుండా పోయింది. పల్చటి తోలు మాత్రమే చుట్టుకుని, వణుకుతూ నా గడ్డిలోకి జారేవి. కోడి లేచి తిరిగితే చాలు, దాని గోరు తగిలి చిట్లేవి. చిట్లినదాన్ని ఆ కోళ్లే ముక్కుతో లాగి, తోలుతో సహా మింగేసేవి. సుంకులమ్మ వచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. కాస్త తడి ఉన్నా ఎండకు ఆరిపోయేది.

నాలుగు రోజులు వరసగా గుడ్డు దొరకలేదు. ఐదో రోజు ఆమె నా ముందు గొంతుక్కూర్చుని, గడ్డినంతా బయటికి లాగి చూసి, మెల్లగా తల తిప్పింది. ఉరుకుందమ్మ గుమ్మం దగ్గర బియ్యం ఏరుతోంది. పగలంతా ఇంట్లో ఉండేది ఆమె, జబ్బుపడ్డ తమ్ముడు, ఇద్దరే. ఈరన్న ఎక్కువసేపు మందుల మత్తులో నిద్రపోయేవాడు.

"వదినా, గుడ్డు యాడికి పోయింది?"

"లేదా? నేను చూడల్యా."

"నాలుగు రోజుల నుంచి చూడలేదంటావు. కోడి అరుపు వినపడదా నీకు? తోడబుట్టినోని నోటికాడిది తీసి తినడానికి నీకు చేతులెట్లా వచ్చినాయి?"

ఉరుకుందమ్మ చేతిలోని చేట అలాగే ఆగిపోయింది. ఆమె మరదలి వైపు చూడలేదు. లోపల మంచం మీదున్న తమ్ముడి వైపు చూసింది. ఈరన్న మేలుకునే ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు.

మరునాడు పొద్దున్నే ఆమె బట్టల సంచి తీసుకుని కోసిగిలోని పినతల్లి కూతురి ఇంటికి వెళ్లిపోయింది. పోయేముందు కోళ్లకు నీళ్లు పెట్టింది. నేను రేకును. నాకు గొంతు లేదు. నిజమంతా నా కడుపులోనే జరిగింది, నేనొక్క ముక్క చెప్పలేకపోయాను. గొంతున్న ఈరన్న కూడా చెప్పలేదు.

ఆమె పోయాక కూడా గుడ్లు దొరకలేదు. మొదటి రోజు సుంకులమ్మ పిల్లిని తిట్టింది. రెండో రోజు ఎవరినీ తిట్టలేదు. మూడో రోజు మిల్లుకు సెలవు పెట్టి, పొద్దుటినుంచి నా ఎదుట పీట వేసుకుని కూర్చుంది.

పదకొండు గంటలప్పుడు బోడిమెడ వచ్చి నాలో కూర్చుంది. కాసేపటికి లేచింది. దాని కింద తెల్లగా ఏదో మెత్తగా కదిలింది. కోడి వెనక్కి తిరిగి ముక్కు వంచింది. సుంకులమ్మ గబుక్కున చెయ్యి దూర్చి అందుకుంది. అరచేతిలో వెచ్చగా, నీళ్లు నింపిన తోలుసంచిలా, వేళ్ల సందుల్లోకి జారుతోంది. కాస్త గట్టిగా పట్టుకుంటే పగిలేట్టుంది. ఆమె పట్టుకోనూ లేదు, వదలనూ లేదు. అట్లాగే కూర్చుని ఏడ్చింది.

ఆమె వెళ్లి అడిగితే పశువుల ఆసుపత్రిలో కాంపౌండర్ ఒక్క మాటలో తేల్చేశాడట. "ఒంట్లో సున్నం తగ్గిందమ్మా. వేయించిన పెంకుల పొడి వేయండి. ముందు వేసేవాళ్లా?"

"మా వదిన వేస్తాండె సార్" అన్నదట. ఆ సంగతి ఇంటికొచ్చి తనే మొగుడికి చెప్పింది.

ఈరన్న గోడవైపు తిరిగాడు. "మా అక్క తినదని నాకు తెలుసు. నిన్ను ఎదిరిస్తే నన్ను చూసుకునేవాళ్లు ఎవరని భయపడినా" అన్నాడు. సుంకులమ్మ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆ అర్హత తనకు లేదనుకుందేమో.

ఆమ్లెట్ బండి దగ్గరికి వెళ్లి ఆమే పెంకులు ఏరుకొచ్చింది. కొద్దిరోజులకు గట్టి గుడ్డు పడింది. ఆ ఆదివారం కోసిగి వెళ్లి వదినను తీసుకొచ్చింది. అక్కడ కాళ్లు పట్టుకుందో, ఏం చెప్పిందో నాకు తెలియదు. ఉరుకుందమ్మ మాత్రం మామూలుగానే ఉంది. తమ్ముడికి మందులు గుర్తుచేసింది, పెంకులు దంచింది. ఈరన్న ఆరు నెలలు పూర్తిచేసి మళ్లీ పనిలోకి పోయాడు.

ఇప్పుడు నా అడుగంతా తుప్పు పట్టింది. రేపో మాపో పాత ఇనుము కొనేవాడి బండెక్కుతాను. నన్ను పొయ్యిలో వేసి కరిగిస్తారు గానీ, నిన్నటి మధ్యాహ్నం చూసింది మాత్రం కరుగుతుందని నమ్మకం లేదు.

నల్లపెట్ట గుడ్డు పెట్టి అరిచింది. ఉరుకుందమ్మ నా పక్కనే కూర్చుని నూక చెరుగుతోంది. చెయ్యి చాపితే అందేంత దూరం. "సుంకులా, గుడ్డు పెట్టింది, వచ్చి తీసుకో" అని లోపలికి కేకేసింది. తిరిగొచ్చిన నాటినుంచీ ఇంతే.

సుంకులమ్మ పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నువ్వే తియ్యి వదినా" అన్నది. బతిమాలినట్టుంది గొంతు.

"నా చేతికి అలవాటు తప్పిందిలేమ్మే" అన్నది ఉరుకుందమ్మ, చేట మీదినుంచి కళ్లెత్తకుండా. ఆ మాటలో కోపం లేదు.

సుంకులమ్మ వంగి గుడ్డు తీసింది. అది రాయిలా గట్టిగానే ఉంది. అయినా రెండు చేతుల మధ్య పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ లోపలికి వెళ్లింది.