ఓడబొమ్మ సీసా

కండెలో నూలు అయిపోయింది. సీతారాములు మగ్గం ఆపి చెయ్యి చాచాడు. గోడవారగా రాట్నం ముందు కూర్చున్న అవ్వ ఉప్పలమ్మ, తల తిప్పకుండానే మరో కండె ఆ చేతిలో పెట్టింది. మొన్నటిదాకా ఆ చెయ్యి ఆమె పెద్దకొడుకు వెంకటరాజంది. సీతారాములు తండ్రి. నలభై ఏళ్లు అదే మగ్గం గుంటలో కాళ్లాడించి, నెల కిందట దగ్గుతో పోయాడు. రామన్నపేటలో ఆయన గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కల్లు కూడా ముట్టని మనిషి, అంతే.

అందుకే మగ్గం గుంట గోడలో, కదిలిన ఇటుక వెనక దొరికిన సీసా సీతారాములును నిమ్మళంగా ఉండనివ్వలేదు. మూత మీది లక్క చెదరలేదు. సీసాకు అంటించిన కాగితం మీద వెలిసిపోయిన ఓడబొమ్మ. నిన్న సారా దుకాణంలో చూపిస్తే, దుకాణదారు ఐలేశం వెలుతురుకు పట్టి చూశాడు. "గిది మన దిక్కు సరుకు గాదు. పల్టన్ల సిపాయిలకు ఇచ్చే రమ్ము. చిట్యాల జంగయ్య లడాయికి పోయొచ్చిండు గద, అడుగు" అన్నాడు.

చేతిలో కండె ముగించి, చిట్యాలకు పోయొస్తానని మాత్రం అవ్వకు చెప్పి, సీసాను తువాలులో చుట్టుకొని బస్సెక్కాడు.

జంగయ్య చూరు కింద మంచంలో ఉన్నాడు. సీసాను రెండు చేతులా అందుకొని, బొమ్మను బొటనవేలితో తుడిచాడు.

"నేనే తెచ్చిచ్చిన మీ నాయినకు," అన్నాడు. "మీ చిన్నాయిన రఘుపతిది."

"చిన్నాయిన షోలాపూర్ మిల్లుల ఉన్నడు గద కాకా!"

"ఏడ షోలాపూర్ కొడుకా! జపానోళ్ల లడాయప్పుడు ఇద్దరం అస్సాంకు సడక్ పనికి పోయినం. పండుగకు మనిషికో సీస ఇచ్చిన్రు. మేమందరం తాగినం, వాడు విప్పలే. 'సముద్రం జూద్దామని వస్తె సడకే దొరికె. గీ ఓడబొమ్మన్న మా అన్నకు చూపిస్త' అన్నడు. పది రోజులకు చలిజరం వచ్చె. మూడొద్దులల్ల పోయిండు. నేనొచ్చి చెప్తె మీ నాయిన నా చేతులు పట్టుకున్నడు. అవ్వ తట్టుకోదు, ఎవ్వలకు చెప్పకు అన్నడు."

తిరుగు బస్సులో సీతారాములు కిటికీ పక్కనే కూర్చున్నా ఏమీ చూడలేదు. ఏటా దసరాకు నాయిన ఒక చీర తెచ్చి అవ్వ ఒళ్లో పెట్టేవాడు, తమ్ముడు షోలాపూర్ నుంచి పంపాడని. పంతొమ్మిదేళ్లు పెట్టాడు. చీర పంపేవాడు మనిషిగా ఒక్కసారి రాలేడా అని సీతారాములు చిన్నాయినను తిట్టుకునేవాడు. అన్న చావుకైనా రాలేదని మొన్న కూడా తిట్టాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అవ్వ రాట్నం పక్కకు జరిపి నశ్యం డబ్బీ తీసింది.

"జంగయ్య ఎట్లున్నడు?" అంది, అతను ఆ పేరు చెప్పకపోయినా.

"మంచిగున్నడవ్వా. చిన్నాయిన షోలాపూర్ల..." అని మొదలుపెట్టి, తన గొంతు అచ్చం నాయిన గొంతులా వినబడేసరికి ఆగిపోయాడు.

"ఊకో బిడ్డా. ఆ దసరా చీరెలు మీ నాయిన నేసినయే, నూలు నేను చుట్టిందే. నా చేతి ముడి నేను గుర్తువట్టనా? మొదటి చీర కట్టిన నాడే తెలిసింది, నా రఘుపతి లేడని."

"మరి నాయినను అడగలేదేందవ్వా?"

"వాడు దినాం బువ్వ తినుకుంట నా మొకం జూసేటోడు, నాకు తెలిసిందా అని. తెలిసిందంటె వాడేడ్వాలె. మిగిలింది వాడొక్కడే. నాకు ఏడుపొస్తె బాయికాడికి పోయేదాన్ని."

సీతారాములు తువాలు విప్పి, రఘుపతి అన్న మాటలన్నీ చెప్పాడు. ఆమె ఓడబొమ్మను వేలితో తడిమింది.

"అన్న జూసిండు గదా," అంది మెల్లగా. "గంతే సాలు. దూపైతాంది బిడ్డా, గిన్ని నీళ్లు తే."

అతను వాకిట్లో కుండలోంచి చెంబు ముంచుకొని వచ్చేసరికి ఆమె తల గోడకు ఆని ఉంది. "అవ్వా" అన్నాడు. మళ్లీ అన్నాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే ఊపిరి ఆడడం లేదు. చెంబు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకొని, లోపల వంట చేస్తున్న భార్యను పిలవకుండా కాసేపు అలాగే కూర్చున్నాడు.

ఆమె మోకాలి పక్కన నశ్యం డబ్బీ, మూత తీసి, చిటికెడు తీసిన చోట చిన్న గుంటతో అలాగే ఉంది.